లెక్కపెట్టని ఊపిరి

రిటైరైన వాళ్లను పిలిచి శాలువా కప్పడం మన కాలేజీలకు బాగా అలవాటు. మొన్న బాచుపల్లిలో ఒక నర్సింగ్ కాలేజీ వాళ్లు నన్నూ పిలిచారు. ముప్పై నాలుగేళ్లు నర్సుగా చేశాను. చివరి పదమూడేళ్లు హైటెక్ సిటీ దగ్గర, ఐటీ ఆఫీసుల మధ్య ఉన్న ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సులకు పని నేర్పే సిస్టర్‌ని. పేరు రాజమణి. నా కింద పనిచేసిన పిల్లలు నా వెనక 'మిరపకాయ మేడం' అనుకునేవాళ్లు. నాకు తెలుసు. తెలిసినా ఊరుకునేదాన్ని, అందులో అబద్ధమేమీ లేదు కాబట్టి.

నా ఉపన్యాసం అయ్యాక రెండో వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. "మేడం, నాలుగేళ్ల సంది చదువుతనే ఉన్నం. ఇగ హాస్పిటల్ల చేరినంక మళ్ల మొదటికెళ్లి నేర్చుకోవాలె అంటున్నరు. చదువుడు, నేర్చుకునుడు రెండు ఒక్కటే కాదా?" అంది. హాలంతా నవ్వారు. నేనూ నవ్వి, చదువు తలకెక్కుతుంది, నేర్చుకున్నది చేతికొస్తుంది అని ఏదో అన్నాను. చప్పట్లు కొట్టారు. ప్రిన్సిపాల్ గారు మెమెంటో ఇచ్చి ఫోటో తీయించారు.

క్యాబ్ ఎక్కాక సిగ్గేసింది. ఎంత చక్కగా తప్పించుకున్నావే రాజమణీ, అనుకున్నాను. ఆ అమ్మాయి అడిగినదానికి అసలు జవాబు నాకు తెలుసు. ఆ జవాబులో ఒక మనిషి ప్రాణం ఉంది, ఒక ఆడపిల్ల ఉద్యోగం ఉంది, నా పిరికితనం ఉంది. అది శాలువా కప్పిన చోట చెప్పేది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా యూనిఫాం వేసుకునే పిల్లలు చదివితే చాలు.

అన్నమ్మ సిస్టర్ స్టూలు

నా మొదటి ఉద్యోగం కోస్తాలో, మా ఊరికి దగ్గర్లోని మిషన్ ఆసుపత్రిలో. అక్కడ ఆడవాళ్ల వార్డుకు ఇన్‌ఛార్జి అన్నమ్మ సిస్టర్. పొట్టిగా, లావుగా ఉండేది. కళ్లద్దాలకు దారం కట్టి మెళ్లో వేసుకునేది. ఆవిడ గొంతు వినపడితే మా కాళ్లు వాటంతటవే పరిగెత్తేవి.

చేరిన నెలలోపే ఒకరోజు, దగ్గుతో చేరిన ఒక ముసలమ్మ చార్టు రాశాను. జ్వరం ఇంత, నాడి ఇంత, ఊపిరి నిమిషానికి ఇరవై. అన్నమ్మ సిస్టర్ చార్టు చూసి నన్ను పిలిచింది.

"ఊపిరి ఎలా లెక్కపెట్టాలో చెప్పమ్మా."

గడగడా అప్పజెప్పాను. ఛాతీ ఒకసారి లేచి దిగితే ఒకటి. నిండుగా ఒక నిమిషం చూడాలి. లెక్కపెడుతున్నామని రోగికి తెలియకూడదు, తెలిస్తే ఊపిరి తీరు మారిపోతుంది. లోతు చూడాలి, లయ చూడాలి. కాలేజీలో నాకు దీనికి పూర్తి మార్కులు వచ్చాయి.

"శభాష్. ఇప్పుడు ఆ స్టూలు లాక్కుని ఈవిడ పక్కన కూర్చో. మణికట్టు పట్టుకో. నాడి చూస్తున్నట్టే ఉండు, కళ్లు మాత్రం ఛాతీ మీద పెట్టు. నా గడియారం తీసుకో."

కూర్చున్నాను. ముప్పై ఆరు వచ్చింది. మళ్లీ లెక్కపెట్టాను, మళ్లీ ముప్పై ఆరే. అరగంట క్రితం అదే మనిషికి ఇరవై రాసింది నేనే. పక్క మంచం చార్టులో ఇరవై ఉంది, ఆ పక్క మంచానికీ ఇరవై ఉంది, అందుకని నేనూ వేసేశాను. అన్నమ్మ సిస్టర్ నన్ను తిట్టలేదు. డాక్టరు గారికి కబురు పంపి, ముసలమ్మకు వెనక దిండ్లు ఎత్తుగా పెట్టించి, అప్పుడు నా వైపు తిరిగింది. "ఇంతసేపూ నువ్వు చదువుకున్నది చెప్పావు. ఇవాళ నేర్చుకున్నావు. ఇంటికెళ్లి అన్నం తిను," అంది. ముసలమ్మ బతికింది. డిశ్చార్జి అయి వెళుతూ నా బుగ్గలు పుణికి, మా అమ్మ పేరు అడిగి మరీ వెళ్లింది.

ఆ తర్వాత రోజూ డ్యూటీ దిగేముందు ఆవిడ ఒకటే అడిగేది. "ఇవాళ ఏం నేర్చుకున్నావు?" పుస్తకంలోది ఏదైనా చెబితే, "అది చదివావు. నేర్చుకున్నది చెప్పు," అనేది. ఒకరోజు విసుగొచ్చి "ఏమీ లేదండీ" అన్నాను. "పోన్లే, నిజం చెప్పావు," అని పంపేసింది.

మా పని తెలియని వాళ్ల కోసం ఒక్క మాట. జ్వరానికి థర్మామీటరు ఉంది. బీపీకి, నాడికి, రక్తంలో ఆక్సిజన్‌కు యంత్రాలున్నాయి. వార్డులో ఊపిరి దగ్గర మాత్రం మనిషే కూర్చోవాలి, నిండుగా ఒక నిమిషం. ఒక నర్సుకు పదిమంది రోగులుంటే ఆ నిమిషం ఎక్కడిది? అందుకని మామూలు మనిషికుండే ఇరవై వేసేస్తారు. మరీ ఒకేలా ఉంటుందనుకుంటే నడుమ ఒక పద్దెనిమిది వేస్తారు. ఒంట్లో ఏదైనా తేడా వస్తే చాలాసార్లు ముందుగా మారేది ఊపిరే. మేము చూడకుండా రాసేదీ అదే.

లక్ష్మమ్మ ఆయా

హైదరాబాదు వచ్చాక నాకు దొరికిన రెండో గురువు బడి గడప తొక్కని మనిషి. లక్ష్మమ్మ అని మా వార్డు ఆయా. పక్కబట్టలు మార్చడం, ఒళ్లు తుడవడం ఆమె పని. ఒకరోజు మధ్యాహ్నం నా కొంగు పట్టి లాగింది.

"సిస్టరమ్మా, గా పదకొండో నంబరు పెద్దాయన మంచిగ లేడు. జర వచ్చి చూడు."

"ఇప్పుడే చూసొచ్చానమ్మా. అన్నీ బాగానే ఉన్నాయి."

"ఏం బాగున్నయమ్మా! ముక్కుపుటాలు ఎగురుతున్నయి. పొద్దుగాల రొట్టె తినలే. మాట్లాడుతుంటే నడుమ నడుమ ఆగుతుండు. మా ఆయన పోయేముందు గిట్లనే చేసిండు."

విసుక్కుంటూనే వెళ్లాను. ఆమె చెప్పిందే నిజం. పెద్దాయన్ను సాయంత్రంలోపే ఐసీయూకు మార్చారు. లక్ష్మమ్మకు అక్షరం ముక్క రాదు. ఆమె మొగుడి చావు ఆమెకు నేర్పింది. అంత ఖరీదు పెట్టి ఎవరూ ఏదీ నేర్చుకోకూడదు. నేను ఆ మాట లక్ష్మమ్మతో అనలేదు, రెండు చేతులూ పట్టుకుని థాంక్స్ మాత్రం చెప్పాను. "నాకెందుకమ్మా థాంక్సులు, చాయ్ తాగిపియ్యి," అంది.

నాలుగో అంతస్తు క్లాసు

ఇంతమంది దగ్గర నేర్చుకున్నదాన్ని నేను ఎలా నేర్పానో వినండి.

ఆసుపత్రి పెరిగింది. మంచాలు పెరిగాయి. కొత్త నర్సులు గుంపులు గుంపులుగా చేరేవారు. ఏడాది నిండేసరికి సగం మంది వెళ్లిపోయేవారు, మళ్లీ కొత్త గుంపు. నాకు నాలుగో అంతస్తులో ఏసీ గది, ప్రొజెక్టరు, ఒక రబ్బరు బొమ్మ ఇచ్చారు. ముప్పావుగంట పాఠం, చివర పరీక్ష. ఆ బొమ్మ మీద ఇంజక్షన్ చూపించవచ్చు, కట్టు కట్టి చూపించవచ్చు. ఊపిరి లెక్కపెట్టడం కూడా ఆ బొమ్మ మీదే చూపించేదాన్ని. ఆ బొమ్మకు ఊపిరి ఉండదు. అన్నేళ్లలో అది ఎవరికీ వింతగా తోచలేదు, నాకూ తోచలేదు.

శ్రావణి ఆ గదిలోకే వచ్చింది. నార్సింగి అమ్మాయి. వాళ్ల నాన్న ఆటో నడిపేవాడు. ఆ ఇంట్లో కాలేజీ మొహం చూసింది మొదట తనే. జడ గట్టిగా బిగించి, నోట్సు రెండు రంగుల పెన్నులతో రాసేది. నేను ప్రశ్న పూర్తి చేసేలోపు చెయ్యి ఎత్తేది. "కొంచెం మిగతావాళ్లకూ ఛాన్సివ్వవే తల్లీ, నువ్వొక్కదానివే నర్సువా?" అని ఆట పట్టించేదాన్ని. నవ్వేది కానీ చెయ్యి దించేది కాదు.

పరీక్షలో అన్నీ కరెక్టు రాసింది. తర్వాత ఒక కాగితం ఉంటుంది. ఈ నర్సు ఈ పనులు రోగి దగ్గర చేసి చూపించింది, నేను కళ్లారా చూశాను అని నేను సంతకం పెట్టాలి. నిజానికి ఒక్కొక్కరి వెంట వార్డులో తిరిగి చూసి పెట్టాల్సిన సంతకం అది. నేను ఆ బ్యాచ్ మొత్తానికి ఒకే మధ్యాహ్నం, కాఫీ తాగుతూ పెట్టేశాను. శ్రావణి కాగితం మీదైతే మరీ నిశ్చింతగా పెట్టాను. ఆ పిల్లకు అన్నీ వచ్చు కదా అనుకున్నాను.

ఇన్‌స్పెక్షన్ రోజు

తను వార్డులో చేరిన రెండు నెలలకు ఆసుపత్రికి ఇన్‌స్పెక్షన్ వచ్చింది. బయటివాళ్లు వచ్చి చార్టులన్నీ తిరగేస్తారు. ఖాళీ గడి కనపడితే గొడవ. మా నర్సింగ్ సూపరింటెండెంట్ నాగరత్న మేడం పొద్దుటి నుంచి కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. కడప మనిషి. పనిలో నిప్పు. నన్ను పిలిచి, "రాజమణీ, మూడో అంతస్తు చూసుకో. ఒక్క గడి కూడా ఖాళీ ఉండకూడదు," అంది.

వెళ్లి చూస్తే తొమ్మిది మంది చార్టుల్లో పొద్దుటి ఊపిరి గడులు ఖాళీగా ఉన్నాయి. శ్రావణి అప్పుడే వాచీ చూసుకుంటూ మొదటి గదికి బయల్దేరుతోంది. పాపం, నిజంగానే లెక్కపెట్టడానికి. వాళ్లు లిఫ్టు దగ్గరకు వచ్చేశారని ఎవరో అరిచారు. నేను ఇన్‌స్పెక్షన్ కోసం పోగేసిన చార్టులు ముందేసుకుని, కౌంటరు దగ్గర కూర్చుని పెన్ను తీసి, ఇరవై, ఇరవై, పద్దెనిమిది, ఇరవై అని వేసుకుంటూ పోయాను. తొమ్మిదికీ రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

శ్రావణి నా పక్కనే నిలబడి చూస్తోంది. "మేడం, లెక్కపెట్టలేదు కదా?" అంది మెల్లగా.

"ఇవాళ కుదరదమ్మా. అందరూ లేచి తిరుగుతున్నవాళ్లే, వాళ్లకేమవుతుంది? రేపటి నుంచి లెక్కపెడుదువుగాని."

"సరే మేడం," అంది.

రేపటి సంగతి నేను మళ్లీ ఎత్తలేదు. ఇన్‌స్పెక్షన్ బాగా జరిగిందని కేకు కోశారు. నేనూ తిన్నాను.

రవికిరణ్ గారి గది

అది జరిగిన ఐదారు నెలలకు రవికిరణ్ గారు అని ఒకాయన చేరారు. నలభై దాటిన మనిషి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. బండి జారి కాలి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగా జరిగింది. భార్య మాధవి గారు కూడా సాఫ్ట్‌వేరే. గదిలో సోఫా మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆఫీసు పని చేసుకుంటూనే ఆయన్ను చూసుకునేది.

ఆపరేషనైన మూడో రోజు ఆ గది శ్రావణి డ్యూటీలో ఉంది. ఆ రోజు తనకు పదకొండు మంది రోగులు. పొద్దున నాడి నూట ఎనిమిది. యంత్రం చూపించింది, శ్రావణి రాసింది. ఆక్సిజన్ కొంచెం తగ్గింది, అదీ రాసింది. నొప్పి వల్ల అనుకుంది. బీపీ మామూలే. ఊపిరి ఇరవై. మధ్యాహ్నం మళ్లీ ఇరవై. సాయంత్రం నాలుగింటికి ఆయన వాకర్ పట్టుకుని బాత్రూంకు లేచారు. రెండడుగులు వేసి పడిపోయారు. కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరింది. అందరం పరిగెత్తాం. గంటకు పైగా అన్నీ చేశాం. మనిషి దక్కలేదు.

పొద్దుననే పట్టుకుని ఉంటే బతికేవారా? బతికి ఉండవచ్చని పెద్ద డాక్టరు గారు అన్నారు, ఖాయంగా చెప్పలేమనీ అన్నారు. అంతకుమించి నాకూ తెలియదు.

రెండు రోజుల తర్వాత విచారణ పెట్టారు. లోపలికి వెళ్లేముందు నాగరత్న మేడం నన్ను మెట్ల దగ్గరకు తీసుకెళ్లింది. "ఆ పాప ట్రైనింగ్ కాగితం మీద నీ సంతకం ఉండాది. నేర్పినాము, పరీక్ష పెట్టినాము. అంతవరకే చెప్పు. మిగతాది కదిలించాకు. కదిలిస్తే ఇన్‌స్పెక్షన్ కాడికి పోతాది, అందరమూ మునుగుతాము," అంది. ఆవిడను నేను చెడ్డమనిషి అనను. ఆవిడ కింద నాలుగొందల మంది నర్సులున్నారు. నాకు మాత్రం ఆ మాట వినగానే లోపల హాయిగా అనిపించింది. నోరు మూసుకోవడానికి ఒక పెద్దమనిషి అనుమతి దొరికింది కదా మరి.

లోపల ఒక డాక్టరు, హెచ్ఆర్ ఆయన, మేడం, నేను. ఎదురుగా శ్రావణి. మూడు రోజుల చార్టు బల్ల మీద పరిచారు. నలుగురి చేతిరాతలు, అన్నిట్లోనూ ఇరవై.

"మీరు ఆ రోజు లెక్కపెట్టారా?" అన్నాడు హెచ్ఆర్ ఆయన.

"లేదు సార్."

"ఎలా లెక్కపెట్టాలో మీకు తెలుసా?"

శ్రావణి చెప్పింది. ఛాతీ లేచి దిగితే ఒకటి. నిండుగా ఒక నిమిషం. రోగికి తెలియకూడదు. నా స్లైడులో ఉన్న మాటలు ఉన్నట్టు.

"అంతా తెలిసి, చూడకుండా రాయడం ఎక్కడ నేర్చుకున్నారు?"

ఆ పిల్ల నా వైపు చూసింది. ఒక్క క్షణం. నేను బల్ల మీద నీళ్ల గ్లాసు చూస్తూ కూర్చున్నాను. "అందరం గిట్లనే రాస్తం సార్. తప్పు నాదే," అంది. నా పేరెత్తలేదు.

తర్వాత నన్ను అడిగారు. "ట్రైనింగ్ ఇచ్చాం సార్. పరీక్షలో అన్నీ కరెక్టు రాసింది," అన్నాను. రెండూ నిజాలే. ఆ రెండు నిజాలతో ఆమె ఉద్యోగం పోయింది. మిగతా ముగ్గురికీ మెమోలు ఇచ్చారు. పెద్ద డాక్టరుకు సమయానికి చెప్పని నర్సును తీసేశామని మాధవి గారికి చెప్పి చేతులు దులుపుకున్నారు. ఊపిరి లెక్కపెట్టలేదన్న సంగతి ఆ గది దాటలేదు.

శ్రావణి యూనిఫాం మడిచి ఇవ్వడానికి వచ్చినప్పుడు కారిడార్‌లో మాధవి గారు ఎదురుపడ్డారు, ఏవో రిపోర్టుల కోసం వచ్చి. ఆమె అన్న మాటలు అంతస్తంతా విన్నది. శ్రావణి తల వంచుకుని వింది. నేను స్టోర్ గదిలో ఉన్నాను. తలుపు తీయలేదు.

పిల్లలూ, ఇదీ నా జవాబు. ఆ అమ్మాయి చదివింది నాలుగో అంతస్తులో, నా పాఠం. నేర్చుకుంది మూడో అంతస్తులో, నా చెయ్యి చూసి. పాఠం ముప్పావుగంట చెప్పాను. రెండోది రెండు నిమిషాల్లో నేర్పాను, దానికి పరీక్ష కూడా పెట్టనక్కర్లేకపోయింది. నేర్చుకోవడం అంటే అదేదో మంచిదని, గొప్పదని అందరూ అంటారు. పక్కవాళ్లు ఏం చేస్తే అదే నేర్చుకుంటాం, మంచైనా చెడైనా. మీరు వార్డులోకి వెళ్లిన మొదటి వారం మీ సీనియర్ల చేతులు చూడండి. సీనియర్లయ్యాక మీ చేతుల్ని ఎవరు చూస్తున్నారో చూసుకోండి.

ఆ తర్వాత నేను బొమ్మను మూలన పెట్టేశాను. ప్రతి కొత్త నర్సునూ రోగి పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి లెక్కపెట్టించాకే సంతకం పెట్టాను. ఆలస్యమవుతోందని మేడం సణిగింది, పోట్లాడాను. ఇదంతా చెప్పుకోవడానికి బాగుంటుంది. శ్రావణికి మాత్రం దీనివల్ల ఏమీ ఒరగలేదు.

నార్సింగిలో

బాచుపల్లి నుంచి వచ్చిన మర్నాడే వెతుక్కుంటూ వెళ్లాను. ఇన్నేళ్లూ వెళ్లలేదు. ఫోను నంబరు ఉండి కూడా చెయ్యలేదు. ఆ నంబరు ఇప్పుడు పనిచేయడం లేదు. పాత ఇల్లున్న సందులో అడిగితే చూపించారు. చుట్టూ ఆకాశాన్నంటే అపార్టుమెంట్లు లేచాయి, ఆ సందు మాత్రం అలాగే ఉంది.

శ్రావణికి పెళ్లయింది. మూడేళ్ల కొడుకు. ఒక ప్లే స్కూల్లో చిన్నపిల్లల్ని చూసుకునే పని చేస్తోంది. రెండు ఆసుపత్రుల్లో ప్రయత్నించిందట. పాత చోట ఫోన్ చేసి అడిగి, వద్దన్నారట. నన్ను చూసి ఉలిక్కిపడింది. వెంటనే కుర్చీ వేసి, "కూసోండి మేడం, చాయ్ పెడ్త," అంది. వద్దన్నాను. "నన్ను క్షమించవే తల్లీ," అని ఏడ్చాను. ముప్పై నాలుగేళ్లలో ఎంతోమంది ముందు ఏడుపు ఆపుకున్నదాన్ని, ఆ పిల్ల ముందు ఆపుకోలేకపోయాను.

తను ఏడవలేదు. కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

"మీ మీద కోపముండె మేడం. లేదని అబద్ధమెందుకు చెప్పాలె. మీరొక్క మాటంటరని చూసిన. మీరు అనలే."

"నా పేరు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏమైతది? రాసింది నేనే కదా. ఆ సార్ రూములకు పోయింది నేనే. నిమిషం కూసుంటే అయిపోతుండె. మీరు నేర్పింది తప్పయితే, నేను నేర్చుకున్నది కూడా తప్పే కదా మేడం?"

నేనేం చేయగలను అని అడిగాను. ఎక్కడైనా ఉద్యోగం చూడనా అన్నాను. వద్దంది. ఇగ ఆ యూనిఫాం వేసుకోబుద్ధి కాదు అంది. కొడుకు జుట్టు సవరించింది.

"ఒక్కటి చేస్తరా? ఆ సార్ భార్య తాన పోండి. జరిగింది జరిగినట్టు చెప్పుండ్రి. నా తప్పు లేదని చెప్పొద్దు. ఎట్లయిందో చెప్పుండ్రి, చాలు. ఆమె నన్ను ఏమేమన్నదో నాకు యాదికుంది. ఆమె దిక్కు నేను చూడలే, గానీ ఆమెకు ఎవ్వరు నిజం చెప్పలే మేడం."

తెల్లాపూర్‌లో

మాధవి గారు తెల్లాపూర్‌లో ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో ఉంటున్నారు. ముందు ఫోన్ చేసి, ఫలానా ఆసుపత్రి సిస్టర్‌నని చెప్పాను. ఆదివారం మధ్యాహ్నం రమ్మన్నారు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఫోనులో నా పేరు కొట్టి, "ఏం పని మీదమ్మా? గెస్టా, డెలివరీనా?" అన్నాడు. గెస్ట్ అని చెప్పాను.

ఆవిడ జుట్టు కొంచెం నెరిసింది. మర్యాదగా కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చారు. గోడ మీద రవికిరణ్ గారి ఫోటో ఉంది. నేను దాని వైపు చూడకుండా మొదలుపెట్టాను. శ్రావణి గురించి, నాలుగో అంతస్తు గురించి, కాఫీ తాగుతూ పెట్టిన సంతకాల గురించి, ఇన్‌స్పెక్షన్ రోజు నేను తొమ్మిది చార్టుల్లో ఇరవై వేయడం గురించి, విచారణలో నేను అన్నదీ అననిదీ. ఏదీ దాచలేదు. పోలీసులకు చెప్పుకున్నా, కోర్టుకు వెళ్లినా నేను వచ్చి ఇదే చెబుతానన్నాను.

నేను ఆగాక, "ఆ అమ్మాయిని చాలా మాటలన్నానండి ఆరోజు," అంది. అంతలోనే, "ఉండండి. ఆయన చార్టులో ఊపిరి ఇరవై అని ఉంది. నాకు బాగా గుర్తు. అది కూడానా?" అంది.

"అది కూడా అమ్మా. ఎవరూ లెక్కపెట్టలేదు. ఊరికే వేసిన అంకె."

ఆవిడ గ్లాసు పక్కన పెట్టేసింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"పొద్దున నాతో అన్నారండి, ఊపిరి సరిగ్గా ఆడట్లేదు మాధవీ అని. నాకు కాల్ ఉంది. మ్యూట్‌లో పెట్టి లేచి వెళ్లి మంచానికి తగిలించిన చార్టు చూశాను. ఇరవై ఉంది. ఇరవై అంటే ఎంతో నాకు తెలియదు కదా, ఫోన్‌లో వెతికాను. పెద్దవాళ్లకు మామూలే అని ఉంది. ఆయనకే చూపించాను, చూడండి నార్మలే అని. మధ్యాహ్నం మళ్లీ అన్నారు. అప్పుడూ ఇరవయ్యే. ఊరికే ఎందుకు కంగారు పెడతారు, నన్ను పని చేసుకోనివ్వరా అని కసిరాను. ఆయన ఇంక మాట్లాడలేదండి. గోడ వైపు తిరిగి పడుకున్నారు."

ఆవిడ ఫోటో వైపు చూస్తోంది.

"ఆయనకు చిన్న నొప్పి వచ్చినా హడావుడి చేస్తారని ఇంట్లో అందరం నవ్వేవాళ్లం. ఇదీ అంతేననుకున్నాను. అయిపోయాక కూడా అలాగే అనుకున్నాను, అప్పటికి అంతా బాగానే ఉండి ఉంటుంది, సాయంత్రమే హఠాత్తుగా వచ్చింది అని. మా అత్తగారికీ అదే చెప్పాను. మా పాపకూ అదే చెప్పాను."

నా వైపు తిరిగింది.

"అయితే ఆయన నిజమే చెప్పారన్నమాట."

"అవునమ్మా," అన్నాను. "నిజమే చెప్పారు."